ఓఎంఆర్, నెల్లూరు రోడ్డు, రేస్ ట్రాక్: ఒకే ఆక్టేవియాకు కాయిలోవర్ సెటప్

కారు 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 230 పీఎస్, ఆరు గేర్ల డీఎస్‌జీ, పవరంతా ముందు చక్రాలకే. యజమానిది నెల్లూరు. చెన్నై శివార్లలోని సిరుసేరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ ఆఫీసుకెళ్లే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్కు, నెలకోసారి అమ్మానాన్నలతో ఎన్‌హెచ్ 16 మీద నెల్లూరుకు, వీలు కుదిరినప్పుడల్లా ఇరుంగాట్టుకోట్టై రేస్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకు, అంటే సొంత కారును ట్రాక్ మీద నడుపుకునే రోజుకు. ఈ మూడు పనులూ ఒకే కారు చెయ్యాలి. సస్పెన్షన్ పని చేసేవాళ్లకు ఇంతకంటే కష్టమైన కేసు ఉండదు. ట్రాక్‌కే పరిమితమైన కారైతే సగం పని తగ్గుతుంది, ఎందుకంటే వెనక సీట్లో కూర్చుని మాట్లాడేవాళ్లు ఉండరు.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందు ఓనరు ఏదో కాయిలోవర్ కిట్ (స్ప్రింగూ, డ్యాంపర్ అనే షాక్ అబ్జార్బరూ కలిసి వచ్చే, ఎత్తు మార్చుకోగల సెట్) వేయించి, కంపెనీ ఎత్తు కంటే 45 మి.మీ. కిందికి దించేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. కంప్లయింటు మాత్రం ఇదీ:

"అన్నా, టోల్ గేటు ముందు రంబుల్ స్ట్రిప్పులు ఉంటాయి గదా, వాటి మీద పోతుంటే కారు కిందికి కూర్చుండిపోతోంది. చివర్లో ధడ్ అని కొడుతోంది. స్ప్రింగులు మెత్తగా ఉండాయి. ముందర పది కేజీలవి ఏసెయ్యి."

పది కేజీలంటే స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి పది కేజీల బరువు కావాలని. ట్రాక్‌లో పరిచయమైన స్నేహితులు చెప్పారట. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. ముందు కారు లిఫ్ట్ మీద పెట్టాను.

ముందు చక్రం స్ట్రట్ (స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన కాలు) డస్ట్ కవర్ పైకి లాగి చూస్తే, డ్యాంపర్ రాడ్డు మీద బంప్ స్టాప్ (చక్రం చివరిదాకా లేస్తే ఆపే రబ్బరు) కొస అరిగి మెరుస్తోంది. రాడ్డుకు ఒక సన్నటి కేబుల్ టై కట్టి, డ్యాంపర్ బాడీకి ఆనేదాకా కిందికి జరిపి, కారును నేలమీదికి దించాం. నేలమీద నిలబడ్డ కారులో డ్యాంపర్ బాడీకీ బంప్ స్టాప్ కొసకీ మధ్య ఖాళీ 11 మి.మీ. మాత్రమే. అంటే ముందు చక్రం 11 మి.మీ. పైకి లేచేసరికి స్ప్రింగు ఒక్కటే మోసే దశ అయిపోయి, రబ్బరు మోయడం మొదలుపెడుతుంది. అంబత్తూరు ఎస్టేట్ లోపల ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కేబుల్ టై బంప్ స్టాప్‌ను తోసుకుంటూ పైదాకా వెళ్లి కూర్చుంది.

దీనిమీద చిన్న లెక్క. డ్రైవరుతో కలిపి ఈ కారు బరువు 1,520 కేజీలు. 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) దగ్గర గట్టిగా బ్రేక్ నొక్కితే, గరిమనాభి ఎత్తు దాదాపు 0.54 మీటర్లు, వీల్‌బేస్ 2.68 మీటర్లు అనుకుంటే, ఒక్కో ముందు చక్రం మీదికి 1,350 న్యూటన్ల దాకా అదనపు బరువు వస్తుంది. చక్రం దగ్గర 45 న్యూటన్/మి.మీ. బిగువు ఉన్నా ముక్కు 30 మి.మీ. దిగుతుంది. ఆర్మ్‌ల జామెట్రీ కొంత ఆపుతుంది, అది వేరే సంగతి. 30 కావాల్సిన చోట 11 ఉంటే, ప్రతి గట్టి బ్రేకూ బంప్ స్టాప్ మీదే పడుతుంది. ట్రాక్‌లో బ్రేక్ మీదే మలుపులోకి తిప్పితే ముందు టైర్లు ఉన్నట్టుండి జారిపోతున్నాయని అతను చెప్పిన రెండో కంప్లయింటుకు జవాబు ఇక్కడే ఉంది.

అయితే రంబుల్ స్ట్రిప్పుల మీద కూర్చుండిపోవడానికి కారణం స్ప్రింగూ కాదు, ఈ ఖాళీ ఒక్కటే కూడా కాదు. ఆ కిట్‌కు డ్యాంపింగ్ నాబ్ ఒక్కటే. రీబౌండూ (చక్రం తిరిగి కిందికి దిగేటప్పటి బిగువు) కంప్రెషనూ (పైకి లేచేటప్పటి బిగువు) కలిసే మారతాయి. నాబ్ నాలుగు చక్రాలకూ పూర్తిగా గట్టివైపు తిప్పేసి ఉంది. వరసగా గతుకులు వచ్చినప్పుడు, మొదటి గతుకుకు లోపలికి వెళ్లిన చక్రం తిరిగి కిందికి దిగాలి. రీబౌండ్ మరీ బిగించి ఉంటే అది దిగేలోపే రెండో గతుకు వచ్చేస్తుంది, తర్వాత మూడోది. ఒక్కో గతుక్కీ కారు కొంచెం కొంచెం కిందికి లాక్కుపోతుంది. దీన్నే మా పనిలో జాకింగ్ డౌన్ అంటాం. నడిపేవాడికి మాత్రం అచ్చం మెత్తటి స్ప్రింగులాగే అనిపిస్తుంది. దానికి ఇంకా గట్టి స్ప్రింగు వేశారనుకోండి, చక్రం కాస్త త్వరగా దిగుతుంది కాబట్టి రోగం కొంత తగ్గినట్టే ఉంటుంది, కానీ కారు చెక్కబండి అవుతుంది.

మాటలతో ఒప్పించడం నాకు నచ్చదు. ఒక్క స్ప్రింగూ మార్చకుండా నాబ్‌లు మధ్యకు తిప్పి, తాళం అతనికే ఇచ్చి, మళ్లీ అదే రోడ్డు మీద నడపమన్నాను. తిరిగొచ్చి, "ధడ్ అనేది ఉంది గానీ కూర్చునేది పోయిందన్నా" అన్నాడు. పది కేజీల స్ప్రింగు సంగతి అక్కడితో ముగిసింది.

అలాగని పాత కిట్‌నే ఉంచలేం. ఎడమ ముందు డ్యాంపర్ నూనె కక్కుతోంది. వెనక ఎత్తు సర్దే కాలర్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఓఎంఆర్, సముద్రం పక్కనుండే ఈసీఆర్ వైపు తిరిగే కార్లలో ఇది మామూలే. సముద్రపు గాలి, వానాకాలంలో రోడ్డు మీద నిలిచే నీళ్లు కలిసి థ్రెడ్లను తినేస్తాయి.

కొత్త కిట్ ఎంచుకోవడానికి చాలామంది ఎంత కిందికి దిగుతుంది, ఎన్ని క్లిక్కులు (డ్యాంపింగ్ నాబ్ మెట్లు) ఉన్నాయి అనే రెండు ప్రశ్నలతో మొదలుపెడతారు. నా లెక్కలో అవి చివరి ప్రశ్నలు. మొదటి ప్రశ్న, కారు నిలబడాల్సిన ఎత్తులో చక్రానికి పైకి ఎంత ప్రయాణం మిగులుతుంది అన్నది. రెండోది, స్ప్రింగ్ రేటు ఎంత, దానికి డ్యాంపర్ సరిపోతుందా అన్నది. ఈ రెంటికీ జవాబు చెప్పలేని కిట్‌కు ముప్ఫై క్లిక్కులు ఉన్నా ఒరిగేదేమీ లేదు.

దొరికే సరుకులో తేడాలు స్థూలంగా ఇవి. బిల్‌స్టైన్ బీ14, కేడబ్ల్యూ వీ1 లాంటి వాటిలో ఎత్తు మాత్రమే మార్చగలం, డ్యాంపింగ్ ఫ్యాక్టరీ పెట్టిందే. కేడబ్ల్యూ వీ2లో రీబౌండ్ మార్చుకోవచ్చు. వీ3లో రీబౌండూ కంప్రెషనూ విడివిడిగా మార్చుకోవచ్చు. బిల్‌స్టైన్ బీ16లో పది మెట్ల నాబ్‌తో రెండూ కలిసి మారతాయి. తైవాన్ నుంచి వచ్చే బీసీ రేసింగ్ బీఆర్‌లో ముప్ఫై క్లిక్కులు, అక్కడా రెండూ కలిసే. కానీ స్ప్రింగ్ రేటు మనం చెప్పి తెప్పించుకోవచ్చు, ఎత్తును కింది బ్రాకెట్ దగ్గర విడిగా మార్చవచ్చు కాబట్టి దించినా డ్యాంపర్ ప్రయాణం తగ్గదు. డ్యాంపింగ్‌తో ప్రయోగాలు చేసే ఓపిక లేనివాళ్లకు నేను బీ14 తరహా కిట్టే చెబుతాను. ఫ్యాక్టరీ ఇంజనీరు పెట్టిన ఒక్క సెట్టింగు, తెలియక తిప్పిన ముప్ఫై క్లిక్కుల కంటే మేలు. ఇతను ట్రాక్‌కు వెళ్తాడు, పొద్దున ఇరుంగాట్టుకోట్టైకి ఒక సెట్టింగు, సాయంత్రం ఇంటికి ఒక సెట్టింగు కావాలి. అందుకని రీబౌండూ కంప్రెషనూ విడివిడిగా ఉన్న కిట్‌కు వెళ్లాం. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. చెబితే లెక్క వదిలేసి పేరు పట్టుకుంటారు.

స్ప్రింగు దగ్గర ఆగి చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఈ కారుకు ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్, స్ప్రింగు డ్యాంపర్ చుట్టూనే ఉంటుంది. వెనక మల్టీ లింక్. అక్కడ స్ప్రింగు కింది ఆర్మ్ మీద లోపలివైపు, డ్యాంపర్ దానికి బయట విడిగా ఉంటాయి. కాబట్టి కాయిలోవర్ అని కొన్నా, వెనక వచ్చేది ఒక డ్యాంపరు, ఒక స్ప్రింగు, ఎత్తు సర్దే ఒక కాలరు. కొత్త కిట్ ముందు స్ప్రింగు 50 న్యూటన్/మి.మీ. (కేజీల్లో సుమారు ఐదు), వెనకది 80. పెట్టె తెరవగానే అతనికి టెన్షన్ పట్టుకుంది. "ముందర 50, వెనక 80నా? మా అమ్మ కూర్చునేది వెనకే గదన్నా!"

పాత వెనక స్ప్రింగు తీసేసి, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కింద జాకీ పెట్టి చక్రాన్ని సరిగ్గా 50 మి.మీ. పైకి లేపాను. స్ప్రింగు కూర్చునే చోట ఖాళీ ఎంత తగ్గిందో అతన్నే కొలవమన్నాను. 32 మి.మీ. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఉండటం వల్ల చక్రం కదిలినంత అది కదలదు. 32ను 50తో భాగిస్తే 0.64. స్ప్రింగు బలం చక్రం దగ్గరికి చేరేసరికి ఈ అంకె వర్గంతో గుణించాలి, అంటే 0.41. 80 కాస్తా చక్రం దగ్గర 33 అవుతుంది. ముందువైపు ఇదే నిష్పత్తి 0.95 దాకా ఉంటుంది కాబట్టి 50 వెళ్లి 45 అవుతుంది. చక్రం దగ్గర లెక్కేస్తే వెనకే మెత్తన.

ఇంకో మెట్టు ముందుకెళ్తే, చక్రం, బ్రేకు వగైరాల బరువు తీసేసి స్ప్రింగు మోసే బరువు ఒక్కో మూలకు ముందు సుమారు 410 కేజీలు, వెనక 260. దీన్నిబట్టి సహజ పౌనఃపున్యం, అంటే స్ప్రింగు మీద బాడీ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది, ముందు 1.7 హెర్ట్జ్, వెనక 1.8 వస్తుంది. వెనక కాస్త ఎక్కువ ఉండాలన్నది కొత్త సంగతి కాదు. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ తేల్చిందే. గతుకు ముందు చక్రాలకు తగిలాకే వెనక చక్రాలకు తగులుతుంది. వెనక ఊపు కాస్త వేగంగా ఉంటే ముందు ఊపును అందుకుని, కారు ముక్కూ తోకా ఎగరేసుకోకుండా ఒక్కటిగా లేచి దిగుతుంది. అతని స్నేహితులు చెప్పిన పది కేజీల స్ప్రింగు ముందు వేస్తే లెక్క 2.3 హెర్ట్జ్ దాటుతుంది. మెత్తటి టైర్లతో, నున్నటి ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారుకు అది సరే. ఓఎంఆర్ మీద మెట్రో పనుల గుంతలకు కాదు.

బిగింపులో చెప్పుకోదగ్గవి రెండే. ఈ కార్లలో స్ట్రట్ కింది కొస నకిల్ (హబ్‌ను పట్టుకునే లోహపు భాగం) లోపలికి దూరి, ఒక బోల్టుతో బిగుసుకుంటుంది. దాన్ని సుత్తితో కొట్టి లాగకూడదు, చీలికను విడదీసే పనిముట్టు పెట్టి తిప్పితే చేత్తోనే జారుతుంది. టార్క్ మీద కోణం కూడా చెప్పిన బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ పనికిరావు, కొత్తవి వేశాం. రెండోది ఇంకా ముఖ్యం, చాలాచోట్ల వదిలేసేది: ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల బోల్టులు కారు లిఫ్ట్ మీద వేలాడుతున్నప్పుడు ఫైనల్ టైట్ చెయ్యకూడదు. రబ్బరు లోపలి స్లీవుకూ బయటి షెల్‌కూ అతుక్కుని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేలకు దిగగానే అది మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది, ఈలోపు స్ప్రింగు రేటుకు తనవంతు కలిపి మన లెక్క చెడగొడుతుంది. కారు నిలబడే ఎత్తుకు హబ్‌ను జాకీతో లేపి, అప్పుడు టార్క్ రెంచ్ పెట్టాం. థ్రెడ్లకు మైనం లాంటి రక్షణ స్ప్రే కొట్టాం.

ఎత్తు 20 మి.మీ. మాత్రమే దించాం. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుకు కంపెనీ కొలత 360 ఉండేది, పాత కిట్ మీద 315, ఇప్పుడు ముందు 340, వెనక 342. అతని ముఖం కొంచెం వాడింది. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారును మరీ దించితే కింది ఆర్మ్ హబ్ వైపు పైకి వాలిపోతుంది. రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు కంటే వేగంగా కిందికి పోతుంది, మలుపులో బాడీ ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. అంటే ఒరగకూడదని దించితే ఇంకా ఒరుగుతుంది. 340 దగ్గర ఆర్మ్ దాదాపు సమతలంగా ఉంది, బంప్ స్టాప్ దాకా ఖాళీ 34 మి.మీ. వచ్చింది. మొదట్లో లెక్కేసిన 30 అందులో పడుతుంది.

స్పీడ్ బ్రేకర్ల భయం గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన 99వ నంబరు మార్గదర్శకం ప్రకారం బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్థంతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెం.మీ. ఎత్తుతో ఉండాలన్నారు. ఆ వంపు మీద 2.68 మీటర్ల వీల్‌బేస్ కారు నిలబడితే, మధ్యలో వంపు చక్రాల గీత కంటే 53 మి.మీ. మాత్రమే పైకి ఉంటుంది. ఏ దించిన కారైనా దాటేస్తుంది. మన కాలనీల్లో ఉన్నవి ఆ కొలతలు ఎన్నడూ చూడనివి, తట్టెడు తారు పోసి పారతో తట్టినవి. వాటికోసం ఎత్తు పెంచుకుంటూ పోతే కాయిలోవర్ ఎందుకు?

తర్వాత నాలుగు చక్రాల కింద తూకం. డ్రైవరు సీట్లో అతనంత బరువు పెట్టి, యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు విప్పి చూస్తే: ముందు ఎడమ 438, ముందు కుడి 484, వెనక ఎడమ 306, వెనక కుడి 292. ముందు కుడి, వెనక ఎడమల కర్ణం మొత్తం 790, అంటే 52 శాతం. కాలర్లు సర్ది 452, 470, 292, 306కు తెచ్చాం. కర్ణం 762, దాదాపు సగం. అంకెలు కూడి చూడండి: ముందు జంట మొత్తం అప్పుడూ 922, ఇప్పుడూ 922. ఎడమవైపు మొత్తం అప్పుడూ 744, ఇప్పుడూ 744. కాలర్లు ఎంత తిప్పినా ముందు బరువు వెనక్కి పోదు, కుడిది ఎడమకు రాదు. మారేది కర్ణం ఒక్కటే. ఎత్తులు సమానంగా ఉంటే బరువులూ సమానమే అనుకునేవాళ్లకు ఈ నాలుగు అంకెలు చూపిస్తాను.

అలైన్‌మెంట్‌లో ముందు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు, పైభాగం లోపలికి వాలితే మైనస్) ఎడమ మైనస్ 0.8 డిగ్రీలు, కుడి మైనస్ 1.6 చూపించింది. ఈ కారులో ముందు క్యాంబర్ మార్చడానికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు లేదు, సబ్‌ఫ్రేమ్ (కింది ఆర్మ్‌లు బిగించే చట్రం) పక్కకు జరపడమే. జరిపితే ఒకవైపు తగ్గింది రెండోవైపు పెరుగుతుంది, మొత్తం మారదు. రెండూ మైనస్ 1.2 దగ్గర ఆపాం. టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా. వెనక సర్దే బోల్టులు ఉన్నాయి కాబట్టి క్యాంబర్ మైనస్ 1.5, రెండు చక్రాలకూ కలిపి 10 నిమిషాల (డిగ్రీలో ఆరో వంతు) టో ఇన్, అంటే లోపలికి. చివరగా హెడ్‌లైట్లు. ఎత్తు కొలిచే సెన్సరు లింకు సస్పెన్షన్‌కే ఉంటుంది, కారు ఎత్తు మారితే అది తప్పు చెబుతుంది. స్కానర్ పెట్టి బేసిక్ సెట్టింగ్ మళ్లీ చెయ్యకపోతే రాత్రిపూట వెలుతురు దూరం తప్పుతుంది.

క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా మూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, కాబట్టి అంకె తగ్గేకొద్దీ బిగువెక్కువ. తెరిచిన వైపు నాబ్ ఎక్కడ ఆగుతుందో ఒక్కో డ్యాంపర్‌లో ఒక్కోలా ఉంటుంది. రోడ్డుకు మొదట కంప్రెషన్ బాగా తెరిచి ఉంచి, రీబౌండ్ ఒక్కటే సర్దుకున్నాం. బాడీ ఒక్కసారి లేచి, దిగి, ఆగిపోవాలి. రెండోసారి ఊగితే రెండు క్లిక్కులు బిగించడం, రంబుల్ స్ట్రిప్పుల మీద కూర్చుంటే రెండు వదలడం. ముందు 9, వెనక 10 దగ్గర కుదిరింది. ఆ తర్వాతే కంప్రెషన్, స్టీరింగు తిప్పగానే ముక్కు స్పందన బాగుండేంత వరకు. ట్రాక్‌కు ముందు 7, వెనక 6. వెనకది ఎక్కువ బిగించడం కావాలనే, ముందు చక్రాల డ్రైవ్ కారు మలుపులో ముక్కు బయటికి తోస్తుంది, దాన్ని తగ్గించడానికి. ఈ అంకెలు మరో కిట్‌కు, మరో కారుకు పనికిరావు.

నెల్లూరు ఒకసారి వెళ్లొచ్చాక కారు మళ్లీ లిఫ్ట్ ఎక్కింది. అమ్మానాన్నలు, సామాను, వెనక సీటు నిండా మనుషులు. ముందు కేబుల్ టై బంప్ స్టాప్‌ను కొద్దిగా తాకి ఆగింది. వెనకది కాస్త ఎక్కువే వెళ్లింది, సామానుతో అది న్యాయమే. దారిలో షోలవరం దాటేటప్పుడు, ఒకప్పుడు మద్రాసు రేసులు జరిగిన ఎయిర్‌స్ట్రిప్ ఇక్కడే అని వాళ్ల నాన్నకు చెప్పాడట. ఆయన, "అందుకే ఇట్ట నడుపుతున్నావా" అన్నారట.

ఇరుంగాట్టుకోట్టై 3.717 కిలోమీటర్ల సర్క్యూట్, కుడి మలుపులదే పెత్తనం. భారం ఎడమ ముందు టైరు మీద పడుతుంది. పిట్‌లోకి రాగానే టైరు వేడి చూశాం. ఎడమ ముందు టైరు బయటి అంచు లోపలి అంచు కంటే 11 డిగ్రీలు ఎక్కువ. బ్రేక్ మీద తిప్పితే జారిపోవడం పోయింది. కానీ ట్రాక్‌కు మైనస్ 1.2 క్యాంబర్ చాలదని ఆ 11 డిగ్రీలు చెబుతున్నాయి.

కొన్ని వందల కిలోమీటర్లయ్యాక ముందు కుడివైపు 2 మి.మీ. కూర్చుంది, కొత్త స్ప్రింగులు ఆ మాత్రం సర్దుకుంటాయి. కాలర్ సరిచేసి, లాక్ రింగులు మళ్లీ బిగించాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించి ఏం చెబుతోందో చూసుకోమనీ, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయమనీ ఫైలు ఇచ్చేటప్పుడు చెప్పాను.

ఇక మిగిలింది క్యాంబర్ ప్లేట్లు. వేస్తే మైనస్ 2 దాటి వెళ్లవచ్చు, టైరు అంచు బతుకుతుంది. కానీ పైన రబ్బరు మౌంట్ పోయి లోహపు బేరింగ్ వస్తుంది. ప్రతి చిన్న రాయి చప్పుడూ క్యాబిన్‌లోకి వస్తుంది, ఓఎంఆర్ దుమ్ములో అది ఎక్కువ కాలం మన్నదు కూడా. నా సలహా, ట్రాక్ డేలు పెరిగేదాకా వద్దు, ఏడాదికి ఒక జత ముందు టైర్ల ఖర్చు భరించమని. అతను కొంచెంసేపు ఆలోచించి, "అమ్మనడిగి చెప్తానన్నా" అన్నాడు.